డిసెంబరు 24 రాత్రి పుస్తకం తెరవని ఇళ్లు

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్తాను, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. మీరు ఈ మధ్యే బ్రూక్లిన్‌లోని బరో పార్క్‌కి ఇల్లు మారారు. ఎదురుగా ఉన్న భవనంలో నల్లకోట్ల మగవాళ్లు రాత్రీ పగలూ గట్టిగా వాదించుకుంటూ చదువుకుంటారు. డిసెంబరు 24 సాయంత్రం మాత్రం అక్కడ చీకటి. అర్ధరాత్రి కాగానే మళ్లీ లైట్లు వెలిగాయి. అదే సాయంత్రం మీ ఆవిడ చేసిన ప్లమ్ కేక్ పక్కింటికి తీసుకెళ్తే వాళ్లు మర్యాదగానే వద్దన్నారు. లోపల ఇంటి పెద్దాయన మనవడితో చదరంగం ఆడుతున్నారు. "మన పండగంటే వీళ్లకి అంత కోపమా? నేనేమైనా తప్పు చేశానా?" అని అడిగారు.

మీ తప్పేం లేదు. కేక్ సంగతి వేరు, లైట్ల సంగతి వేరు, రెండూ చెప్తాను. నేను గుంటూరు లూథరన్ సంఘంలో పుట్టి పెరిగాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పేటలో ఇళ్లకి వెళ్లి పెద్దవాళ్లని చూసే నర్సుని. మీకు వచ్చిన ప్రశ్నే మొదటి ఏడాది నాకూ వచ్చింది, మనసు కష్టపడింది కూడా. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

మీ పొరుగువాళ్లు హసీదీలు, అంటే యూదుల్లో భక్తికి పేరుపడ్డ ఒక శాఖ. క్రిస్మస్ ముందు రాత్రికి వాళ్లు పెట్టుకున్న పేరు నిట్టెల్. ఆ రాత్రి తోరా, అంటే వాళ్ల ధర్మగ్రంథం, చదవకూడదు. సూర్యాస్తమయం నుంచి అర్ధరాత్రి దాకా, అంటే బ్రూక్లిన్‌లో సాయంత్రం నాలుగున్నర నుంచి సుమారు పన్నెండు దాకా, పుస్తకాలు మూసేస్తారు. మీరు చూసిన చీకటి అదే. మీ ఎదురు భవనం వాళ్ల చదువుల మందిరం. మామూలు రోజుల్లో అక్కడ చదువు ఆగడమే పాపమన్నట్టు ఉంటుంది. మగవాడికి ఖాళీ దొరికితే తోరా చదవాలి, ఊరికే కాలం వృథా చేస్తే లెక్క చెప్పుకోవాలి. అలాంటివాళ్లు ఏడాదికి ఒక్క రాత్రి, అదీ మన పండగ రాత్రి, చదువు మానేస్తారంటే అది చిన్న విషయం కాదు.

మన దగ్గర దీనికి దగ్గరగా వచ్చేది అనధ్యాయం. వేదపాఠశాలల్లో పాడ్యమికి, అష్టమికి, అమావాస్యకి పాఠం చెప్పరు. సుందరకాండలో హనుమంతుడు సీతమ్మని చూసొచ్చి, పాడ్యమి నాడు చదివినవాడి చదువులా చిక్కిపోయిందని చెప్తాడట. మా హైస్కూల్లో తెలుగు మాస్టారు చెప్పిన ముక్క అది. ఇక్కడ నిట్టెల్ గురించి విన్నప్పుడు నాకు వెంటనే అదే గుర్తొచ్చింది. తేడా ఏమిటంటే, అనధ్యాయం మన పంచాంగం ప్రకారమే వస్తుంది. నిట్టెల్ యూదుల క్యాలెండర్‌లో లేదు. అవతలి మతం వాళ్ల క్యాలెండర్ చూసుకుని పాటించే ఆచారం.

పేరు ఎలా వచ్చిందనేదానికి రకరకాలుగా చెప్తారు. పుట్టుకకి సంబంధించిన లాటిన్ మాట 'నటాలిస్' నుంచి వచ్చిందన్నదే నాకు సరిగ్గా అనిపిస్తుంది, మన 'క్రిస్మస్' మాటకి వాళ్ల పలుకుబడి అన్నమాట. హీబ్రూలో 'వేలాడదీయబడ్డాడు' అనే అర్థం వచ్చే మాటకి దగ్గరగా ఉందని, అది సిలువని ఉద్దేశించిందేనని చెప్పేవాళ్లూ ఉన్నారు. మన క్రైస్తవులకి అది వినడం కష్టంగానే ఉంటుంది. దాచి చెప్పడం మాత్రం నాకు ఇష్టం లేదు. యేసు గురించి చేదుగా రాసుకున్న మధ్యయుగపు కథలు కూడా కొన్నిచోట్ల ఆ రాత్రే చదువుకునేవారు. ఆ చేదు ఎక్కడిదో తర్వాత చెప్తాను.

చదువు లేకపోతే మరి ఏం చేస్తారు? చదరంగం, పేకాట, ఏడాది పొడుగునా వాయిదా పడ్డ ఇంటి లెక్కలు. స్త్రీలూ పురుషులూ స్నానం చేసే శుద్ధి కొలను, మిక్వా అంటారు, కొన్నిచోట్ల ఆ సాయంత్రం మూసేస్తారు. భార్యాభర్తలు కూడా దూరంగా ఉండటం కొన్ని కుటుంబాల్లో ఆనవాయితీ. ఇంకొకటి విని మీరు ఆశ్చర్యపోతారు, టాయిలెట్ పేపర్ చింపి పెట్టుకోవడం. సబ్బాతు, అంటే వారానికోసారి వచ్చే విశ్రాంతి దినం, ఆ రోజున కాగితం చింపడం కూడా పని కిందే లెక్క, కాబట్టి ముందే చింపి ఉంచుకోవాలి. ఏడాది మొత్తం సబ్బాతులకి సరిపడా ఆ ఒక్క రాత్రే కూర్చుని చింపే ఇళ్లు ఉన్నాయి.

నేను అది కళ్లారా చూశాను. అప్పట్లో తొంభై దాటిన ఒక బామ్మకి రాత్రిపూట ఇన్సులిన్ ఇచ్చే డ్యూటీ నాది. పోలండ్‌లో టార్నుఫ్ దగ్గరి పల్లెలో పుట్టిన మనిషి. ఇంట్లో అందరూ ఆమెని 'బూబీ' అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. క్రిస్మస్ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరకి వెళ్లాను. తొమ్మిదిన్నరకి చర్చిలో ఉండాలి, లోపల కొత్త చీర కట్టుకుని పైన కోటు వేసుకున్నాను. వంటింటి బల్ల మీద ఇద్దరు మనవళ్లు చదరంగం ఆడుతున్నారు. పక్కన కోడలు ఒక్కొక్క ముక్కా చింపి ప్లాస్టిక్ సంచీలో పేరుస్తోంది. గోడకి ఉన్న పుస్తకాల బీరువా అద్దాల మీద దుప్పటి కప్పి ఉంది. రోజూ ఆ బీరువా తలుపులు తెరిచే ఉండేవి.

సూది వేశాక బూబీ నా కోటు కింద మెరిసే జరీ అంచు చూసింది. "చర్చికా?" అంది. అవునన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, చిన్నప్పుడు ఈ రాత్రి వాళ్ల నాన్న కిటికీ తలుపులకి అడ్డకర్ర వేసి, దీపం బాగా తగ్గించి, పిల్లలందర్నీ మంచం మీద కూర్చోబెట్టేవాడని చెప్పింది. బయట గుంపులుగా పాటలు పాడుకుంటూ వెళ్తుంటే, ఆ పాట తమ గుమ్మం దాటి వెళ్లేదాకా ఊపిరి బిగబట్టేవారట. "పాట బాగుండేది. నాకు నచ్చేది. ఆగుతారేమో అని భయం" అంది. ఆ మాట నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. గుంటూరులో మేం అర్ధరాత్రి లాంతర్లు పట్టుకుని ఇంటింటికీ క్యారల్స్ పాడుతూ తిరిగేవాళ్లం. మా పాట ఒక గుమ్మం ముందు ఆగితే లోపలివాళ్లు వణికిపోతారని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆ భయం ఊహ కాదు. 1881 డిసెంబరు 25న వార్సాలో హోలీ క్రాస్ చర్చి జనంతో కిటకిటలాడుతుండగా ఎవరో మంటలని అరిచారు. మంటల్లేవు. తొక్కిసలాటలో 29 మంది చనిపోయారు. ఆ కేక వేసింది యూదు జేబుదొంగలని పుకారు లేచింది. మూడు రోజులు యూదుల దుకాణాలూ ఇళ్లూ పగలగొట్టారు. అంతకు చాలా ముందే, 1215లో, రోమ్‌లో జరిగిన నాలుగో లాటరన్ మహాసభ గుడ్ ఫ్రైడే వారంలో చివరి రోజులు యూదులు వీధిలో కనబడకూడదని చట్టమే చేసింది. మా లూథరన్ సంఘానికి మూలపురుషుడు మార్టిన్ లూథర్ గారు 1543లో యూదుల మీద రాసిన పుస్తకంలో వాళ్ల సమాజమందిరాలు తగలబెట్టమన్నారు, వాళ్ల ప్రార్థన పుస్తకాలు లాక్కోమన్నారు. సండే స్కూల్లో మాకు ఎవరూ చెప్పలేదు. ఇక్కడికి వచ్చాక తెలిసింది, చాలా రోజులు బాధగా ఉంది. అమెరికాలోని మా లూథరన్ సంఘం 1994లో ఆ రాతల్ని బహిరంగంగా తిరస్కరించి విచారం తెలిపింది. మంచిపని, 450 ఏళ్ల తర్వాతయినా.

కాబట్టి నిట్టెల్ మొదట వీధి భయమే అయ్యుండాలని నా అభిప్రాయం. చదువుకోవాలంటే రాత్రిపూట ఇంటి నుంచి మందిరానికి నడవాలి, ఆ రాత్రి నడవడం ప్రమాదం. పెద్దలు ఇళ్లు కదలొద్దన్నారు. తర్వాతి తరాలు దానికి ఆధ్యాత్మిక కారణాలు అల్లుకున్నాయి. అయితే వాళ్లకి ఇప్పుడు ఆ కారణాలే ముఖ్యం, కాబట్టి అవీ తెలుసుకోండి.

ఒకటి, దుఃఖం. యూదుల్లో ఇంట్లో చావు జరిగినవాళ్లు మైలలో తోరా చదవరు, ఎందుకంటే తోరా మనసుకి సంతోషం ఇస్తుందని నమ్మకం. తమకి ఇన్ని కష్టాలు తెచ్చిన రాత్రి కాబట్టి ఆ సంతోషం వద్దనుకున్నారు. రెండోది హసీదీలు ఎక్కువగా చెప్పేది. తోరా చదివితే లోకంలోకి ఒక జీవశక్తి దిగుతుంది, ఆ రాత్రి ఆ శక్తి తప్పుచోటికి పోతుంది, కాబట్టి చదవొద్దు. లుబావిచ్ హసీదీల అయిదో గురువు షోలోమ్ దోవ్‌బేర్, ఈ ఎనిమిది గంటలు కూడా పుస్తకం వదల్లేని అతిశ్రద్ధ విద్యార్థులంటే నాకు ఇష్టం లేదన్నారని వాళ్లు చెప్పుకుంటారు. మూడోది నాకు చాలా నచ్చింది. ప్రెస్‌బర్గ్, అంటే ఇప్పటి బ్రాటిస్లావాలో, 1839లో పోయిన మోషే సోఫెర్ అనే గొప్ప పండితుడు చెప్పింది. అర్ధరాత్రి క్రైస్తవులంతా నిద్ర మానుకుని ఆరాధనకి వెళ్తారు, ఆ సమయంలో మనం గుర్రుపెట్టి నిద్రపోతుంటే పైలోకంలో మన పరువేం కాను? అందుకే అర్ధరాత్రికి ముందు చదువు ఆపించి పడుకోమన్నారు, అర్ధరాత్రి లేచి చదవడానికి. మీకు పన్నెండింటికి లైట్లు వెలిగింది అందుకే. మన మిడ్‌నైట్ సర్వీస్ వాళ్లని సిగ్గుపడేలా చేసి లేపిందన్న ఆలోచన ఒక రబ్బీ, అంటే యూదు మతగురువు, నోటి నుంచి రావడం నాకు ఎంతో పెద్ద మనసుగా అనిపిస్తుంది.

తేదీ కూడా అందరికీ ఒకటే కాదు. పోలండ్, హంగరీ వైపు నుంచి వచ్చిన కుటుంబాలకి డిసెంబరు 24. రష్యా వైపు ఆర్థడాక్స్ సంఘాలు పాత క్యాలెండర్ ప్రకారం జనవరి 7న క్రిస్మస్ చేస్తాయి కాబట్టి అక్కడ జనవరి 6 రాత్రి నిట్టెల్. పొరుగువాడు ఎప్పుడు పండగ చేసుకుంటే అప్పుడే. అందుకే ఇది అసలు పొరుగు గురించిన ఆచారమని అంటాను.

ఇప్పుడు ఒక హెచ్చరిక. దీన్ని "యూదుల ఆచారం" అని ఆఫీసులో చెప్పకండి. ఇది ముఖ్యంగా హసీదీలది. అదే నల్లకోట్లు వేసే లిథువేనియా సంప్రదాయం వాళ్లు మామూలుగానే చదువుకుంటారు, చదువు ఆపడానికి ఏ కారణమూ చాలదంటారు. స్పెయిన్, ఉత్తర ఆఫ్రికా, యెమెన్ నుంచి వచ్చిన యూదులకి నిట్టెల్ లేదు. మీ టీమ్‌లో ఉన్న యూదు ప్రోగ్రామర్ ఈ మాటే విని ఉండకపోవచ్చు. ఆయన క్రిస్మస్ ఆచారం బహుశా చైనీస్ రెస్టారెంట్, తర్వాత సినిమా. నవ్వులాట కాదు, దానికీ చరిత్ర ఉంది. న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో యూదులూ చైనీయులూ పక్కపక్కన దిగిన వలస జనం. ఆదివారమైనా క్రిస్మసైనా తెరిచి ఉండే హోటళ్లు చైనీయులవే. పైగా ఆ వంటలో పాలు, వెన్న ఉండవు, మాంసంతో పాలు కలపకూడదన్న నియమానికి అడ్డురాదు. 2010లో ఎలీనా కేగన్‌ని సుప్రీంకోర్టు జడ్జిగా ఖాయం చేసే విచారణలో ఒక సెనేటర్ క్రిస్మస్ రోజు మీరెక్కడున్నారని అడిగితే, యూదులందరిలాగే నేనూ ఏదో చైనీస్ రెస్టారెంట్‌లో ఉండుంటానని చెప్పింది, సభంతా నవ్వింది. మా హాస్పిటల్‌లో యూదు నర్సులు డిసెంబరు 24, 25 డ్యూటీలు అడిగి మరీ వేయించుకునేవారు, మేం చర్చికి వెళ్లాలని. బదులుగా వాళ్ల ఉపవాస దినం యోమ్ కిప్పూర్ డ్యూటీలు మేం చేసేవాళ్లం.

డిసెంబరు దరిదాపుల్లో వచ్చే వాళ్ల పండగ హనుక్కా గురించి కూడా అడిగారు, "వాళ్ల క్రిస్మస్ కదా" అని. కాదు. క్రీస్తుకి 160 ఏళ్లు పైబడి ముందు, యెరూషలేము ఆలయాన్ని మళ్లీ శుద్ధి చేసుకున్న పండగ అది. యోహాను సువార్త 10వ అధ్యాయంలో 'ఆలయ ప్రతిష్ఠిత పండుగ' అని ఉంది చూడండి, అదే. యేసు ప్రభువు ఆ రోజుల్లో ఆలయంలో ఉన్నాడు. నిజానికి చిన్న పండగ. అమెరికాలో పక్కింటి పిల్లలకి బహుమతులు వస్తుంటే వీళ్ల పిల్లలు ముఖాలు వేలాడేసుకోకూడదని ఇంత పెద్దదయింది. ఒకప్పుడు వియన్నాలో కొందరు యూదులు ఏకంగా క్రిస్మస్ చెట్టే పెట్టుకునేవారు. యూదుల దేశం కావాలని ఉద్యమం నడిపిన హెర్జల్ 1895 డిసెంబరు 24న తన పిల్లల కోసం చెట్టుకి దీపాలు వెలిగిస్తుండగా ఆ ఊరి ప్రధాన రబ్బీ ఇంటికొచ్చారని ఆయనే డైరీలో రాసుకున్నాడు.

పొరుగు పండగకి ఎలా స్పందించాలన్న ఆలోచన చాలా పాతది. సుమారు రెండో శతాబ్దం చివర కూర్చిన మిష్నా అనే యూదు ధర్మశాస్త్రంలో, అన్యుల పండగకి మూడు రోజుల ముందు నుంచే వాళ్లతో వ్యాపారం చేయొద్దని ఉంది, రోమన్ల సాటర్నేలియా పేరు కూడా చెప్పి మరీ. ఆ మిష్నాకి వ్యాఖ్యానంగా వచ్చిన తల్మూదులో అదే చోట ఒక కథ ఉంది. ఆదాము మొదటి చలికాలంలో పగళ్లు రోజురోజుకీ తగ్గిపోవడం చూసి, నా పాపం వల్ల లోకం చీకటైపోతోందని ఎనిమిది రోజులు ఉపవాసం ఉన్నాడు. తర్వాత పగలు పెరగడం చూసి, ఓహో లోకం తీరే ఇంతా అని ఎనిమిది రోజులు పండగ చేసుకున్నాడు. ఆదాము దేవుడి కోసం చేశాడు, ఈ అన్యులు విగ్రహాల కోసం చేస్తున్నారు అని ముగిస్తారు. అంటే అవతలివాళ్ల పండగకి మూలం కూడా మన తాతదే అని ఒప్పుకున్నట్టే కదా.

తర్వాత యూరప్‌లో క్రైస్తవుల మధ్య బతకాల్సి వచ్చాక ఆ వ్యాపార నిషేధం నిలవలేదు. పూట గడవాలి, శత్రుత్వం పెరగకూడదు. దక్షిణ ఫ్రాన్స్‌లో మెయిరి అనే పండితుడు, మతనియమాలకి కట్టుబడి బతికే ఈనాటి జనాలకి ఆ పాత చట్టాలు వర్తించవని స్పష్టంగా రాశాడు. క్రాకోవ్‌లో 16వ శతాబ్దపు మోషే ఇస్సెర్లిస్ అయితే, నిట్టెల్ తర్వాత ఎనిమిదో రోజున, అంటే కొత్త సంవత్సరానికి, క్రైస్తవ పొరుగువాడికి కానుక పంపాలంటే వీలైతే ముందురోజు సాయంత్రమే పంపమని, వీలుకాకపోతే పండగనాడే పంపమని రాశాడు. మనిషికి ఇబ్బంది లేకుండా చూసిన తీర్పు.

భయం నుంచి పుట్టిన ఇంకో ఆచారం కూడా చెప్పాలి, ఇది ఎదుటి పండగకి కాదు, ఆ రోజుల్లోనే వచ్చే తమ పండక్కి చేసుకున్న మార్పు. వాళ్ల వసంతకాలపు పండగ పస్కా, ఆ రాత్రి భోజనంలో ఎర్ర ద్రాక్షారసం శ్రేష్ఠం. పస్కా మన ఈస్టర్ రోజుల్లోనే వస్తుంది. యూదులు క్రైస్తవ పిల్లల రక్తం వాడతారన్న ఘోరమైన అబద్ధం అదే రోజుల్లో లేచేది, దానివల్ల ఎందరో చచ్చిపోయారు. అందుకని 17వ శతాబ్దంలో దావీద్ హలేవీ అనే పండితుడు, మన కాలంలో ఎర్రది మానేయండి, లేనిపోని నిందలు వేస్తున్నారు అని రాశాడు. ఒక జాతి తన పండగ బల్ల మీద గిన్నెలో రంగు చూసుకుని భయపడాల్సి వచ్చింది. నేను ఈస్టర్ రోజు బల్ల దగ్గర ద్రాక్షారసం అందుకున్నప్పుడల్లా ఇది గుర్తుకొస్తుంది.

మన తెలుగు నేల మీద కూడా ఒక చిన్న సంబంధం ఉంది. మా గుంటూరు పక్కన చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అని పిలుచుకునే కొన్ని కుటుంబాలు ఉన్నాయి. ఒకప్పుడు చర్చికి వెళ్లినవాళ్లే, 1980ల నుంచి యూదు మతం పాటిస్తూ సమాజమందిరం కట్టుకున్నారు. చుట్టూ చర్చి గంటలు వినబడే ఊళ్లో డిసెంబరు రాత్రి నిశ్శబ్దంగా ఉండటం ఎలా ఉంటుందో తెలుగులోనే చెప్పగలిగేవాళ్లు వాళ్లు.

ఇక మీ కేక్. దాన్ని వద్దన్నది క్రిస్మస్ వల్ల కాదు, ఏ రోజు తీసుకెళ్లినా వద్దంటారు. మీ ఓవెన్, మీ గిన్నెలు కోషర్ కాదు, అంటే వాళ్ల ఆహార నియమాలకి సరిపోవు, అంతే. ద్రాక్షావైన్ కూడా తీసుకెళ్లకండి, కోషర్‌లో దానికి వేరే పట్టింపులున్నాయి. కొయ్యని పండ్లు హాయిగా తీసుకుంటారు. కమలాలు, ఆపిల్స్, దానిమ్మలు ఒక బుట్టలో పెట్టండి. షాపులో కొనేదైతే కోషర్ ముద్ర ఉన్న సీల్ విప్పని ప్యాకెట్ ఇవ్వండి, వాళ్ల ముందు విప్పకండి. క్రిస్మస్ బొమ్మలున్న కాగితం చుట్టొద్దు. "మెర్రీ క్రిస్మస్" అని వాళ్లకి చెప్పక్కర్లేదు, "ఇవాళ మా పండగ, మీకు పళ్లు తెచ్చాం" అంటే చాలు. 24 సాయంత్రం కాకుండా 26న వెళ్లండి, అప్పుడు వాళ్లూ తేలిగ్గా ఉంటారు. సాధారణంగా మార్చిలో వాళ్ల పూరీము పండగ వచ్చినప్పుడు మీ గుమ్మం దగ్గర కూడా ఒక పళ్లెం కనిపించవచ్చు, వద్దనకుండా తీసుకోండి.

బూబీ ఆ తర్వాత రెండేళ్లు బతికింది. మరుసటి ఏడాది అదే రాత్రి నేను వెళ్లేసరికి ఆమె మంచం పక్కన కుర్చీ వేసి ఉంది. "మీ పాట ఒకటి పాడు, మీ భాషలో" అంది. కోడలు చింపడం ఆపింది, చదరంగం పిల్లలు తలెత్తి చూశారు. ప్రభువు పేరు లేని పాట ఏదుందా అని వెతుక్కుని, మా అమ్మ నన్ను నిద్రపుచ్చిన జోలపాట పాడాను. బూబీ కళ్లు మూసుకుని చివరిదాకా వింది.